మధ్యగీత అవతల లవాన్

అమెరికా అయోవా రాష్ట్రంలోని వీస్ప్ ఊళ్లో ఆడపిల్ల పుడితే బరువెంత అని ఎవరూ అడగరు. గార్డా, ఫార్వర్డా అని అడుగుతారు. లవాన్ టెర్‌ప్‌స్ట్రా పుట్టినప్పుడు నర్సు బొడ్డు కోయకముందే తేల్చి చెప్పిందట, "గార్డే! చూడండి, నా వేలు పట్టుకుని వదలట్లేదు" అని. అది పచ్చి అబద్ధమని లవాన్ తల్లి హెన్నీ తరువాత చాలామందికి చెప్పింది. పట్టుకున్నది వేలు కాదట, డాక్టరు మెడలోని స్టెతస్కోపట.

ఆ రోజుల్లో అయోవా ఆడపిల్లలు ఆడే బాస్కెట్‌బాల్, లోకమంతా ఆడే రకం కాదు. జట్టుకు ఆరుగురు. మైదానం మధ్యలో అడ్డంగా ఒక గీత. ముగ్గురు ఫార్వర్డులు గీతకు అవతల ఉండి బుట్టలో బంతి వేస్తారు. ముగ్గురు గార్డులు ఇవతల ఉండి ఎదుటివాళ్లను వెయ్యనీయరు. ఎవరి సగం వాళ్లది. గార్డు బంతి లాక్కుంటే గీత దాకా తెచ్చి అవతలి ఫార్వర్డుకు అందించాలి, అంతే. కాలివేలు గీత మీద పడితే ఈల. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొడితే ఇంకో ఈల. చిన్నప్పటి నుంచి గార్డుగా ఆడిన పిల్ల, బుట్ట వైపు ఒక్కసారైనా బంతి విసరకుండానే బడి ముగించి, పెళ్లాడి, పిల్లల్ని కని, వాళ్లలో ఒకదాన్ని మళ్లీ గార్డును చేసేది.

ఈ ఆటంటే ఊరికి ఎంత పిచ్చంటే, శీతాకాలం చివర డెస్ మోయిన్స్ నగరంలో టోర్నమెంటు జరిగే వారం వీస్ప్‌లో ఎవరికీ పంటినొప్పి వచ్చేది కాదు. పళ్ల డాక్టరు ఆటకు వెళ్లాడని పళ్లకు కూడా తెలుసు. పందులు సైతం ఆ వారం మేత కోసం గోల పెట్టకుండా కొట్టంలోని రేడియో దగ్గర చేరేవని లవాన్ నాన్న ఒట్టు వేసి చెప్పేవాడు.

హెన్నీ తన కాలంలో ఫార్వర్డు. ఆమె వేసిన బంతి వల దారాన్ని కూడా తాకేది కాదని, ఆమె ఆడినన్నాళ్లు బడివాళ్లకు వల ఉతికించే పని తప్పిందని చెప్పుకునేవారు. తల్లికి అలాంటి పేరుంటే కూతురు గార్డు కావడం కొంచెం ఇబ్బందే.

"ఈ ఇంట్లో వేసేదాన్ని నేను, ఆపేదానివి నువ్వు" అనేది హెన్నీ. "రెండూ ఉండాలిలే. అందరూ పాటలు పాడితే తాళం కొట్టేదెవరు?"

లవాన్ తాళం బాగానే కొట్టింది. పొడుగ్గా, సన్నగా, మోచేతుల దగ్గర కాస్త ఎక్కువ ఎముకలతో పెరిగింది. ఎదుటి పిల్ల బంతి నేలకు కొడితే, అది పైకి లేచేసరికి లవాన్ చేతిలో ఉండేది. పోగొట్టుకున్న పిల్ల ఇంకా గాలిని కొడుతూనే ఉండేది పాపం.

బడి అయిపోయాక ఆమె మొక్కజొన్న గోదాములో తూకం దగ్గర పనికి కుదిరింది. బంతి అటకెక్కింది. డెబ్బైల చివర్లో ఒకరోజు, ఆడవాళ్లకు జీతమిచ్చి బాస్కెట్‌బాల్ ఆడించే లీగు ఒకటి పుడుతోందన్న కబురు గోదాముకు చేరింది. డేవన్‌పోర్ట్‌లో ఒక జట్టు, దానికి ఆటగత్తెలు కావాలట. లవాన్ చేతులు దులుపుకుని, తూకం పక్కవాడికి అప్పగించి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఎంపికకు వచ్చిన పిల్లలందరి చేతుల్లోంచీ ఒక్కొక్కసారైనా బంతి లాక్కుంది. చివరికి చూస్తూ నిలబడ్డ కోచ్ చేతిలో కాఫీ కప్పు కూడా లాక్కుందంటారు. అది మాత్రం నమ్మనక్కర్లేదు, ఆయన టీ తాగుతాడు.

ఆమెను తీసుకున్నారు. చిక్కు మొదటి ఆటలోనే బయటపడింది.

అది ఐదుగురు ఆడే ఆట. గీత ఉంది కానీ ఎవరికీ అడ్డు కాదు. ఐదుగురూ అటూ ఇటూ పరిగెత్తాలి. లవాన్ బంతి లాక్కుంది, రెండుసార్లు నేలకు కొట్టింది, గీత దాకా దూసుకొచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఎదురుగా ఒక్క మనిషి లేదు. బుట్ట నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. లవాన్ మాత్రం గోడ కట్టినట్టు గీత ముందు నిలబడి, ఎవరైనా వచ్చి బంతి అందుకుంటారేమోనని అటూ ఇటూ చూస్తోంది.

"దాటు! దాటవే!" అని జట్టంతా అరిచింది. బుర్రకు వినబడింది, కాళ్లకు వినబడలేదు.

అప్పుడు రెనీటా కాబ్స్ రంగంలోకి దిగింది. రెనీటా అదే జట్టు, న్యూయార్క్ బ్రూక్లిన్ పిల్ల, నల్లపిల్ల. నాలుగు మాటల్లో మూడు వెక్కిరింపులు, నాలుగోది ఆప్యాయత. లవాన్ బంతి లాక్కోగానే రెనీటా వెళ్లి గీతకు అవతల బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడేది. లవాన్ బంతి ఇచ్చేది, ఆమె వెళ్లి వేసేది. అలా సీజనంతా గడిచింది. మర్నాడు పత్రికల్లో రెనీటా పేరు ఉండేది.

"దొంగతనం నీది, అమ్మకం నాది" అనేది రెనీటా. "మంచి సంసారమే మనది. కానీ పొలం పిల్లా, ఎప్పుడో ఒకరోజు నేను బస్సెక్కి వెళ్లిపోతాను, అప్పుడేం చేస్తావ్?"

లవాన్ నవ్వేసేది. లోపల మాత్రం నవ్వు వచ్చేది కాదు.

రెండో సీజన్లో లీగు తన ఆల్‌స్టార్ ఆటకు చోటు వెతికింది. అన్ని జట్లలోంచి మేటి వాళ్లను ఏరి, తూర్పు, పడమర అని రెండుగా పంచి ఆడించే ఆట అది. ఈ కాలంలో ఆడవాళ్ల ఆల్‌స్టార్ ఆటంటే దీపాల జల్లు, టీవీ వాళ్లు, లక్షల ఓట్లు. అప్పుడవేమీ లేవు. కోచ్‌లు ఫోన్లలో వాదులాడుకుని పేర్లు ఖాయం చేసేవాళ్లు. ఆటగత్తెలు ఆటకు వాళ్ల సాక్సులు వాళ్లే తెచ్చుకునేవాళ్లు. ఆ లీగు నాలుగోసారి మంచు కురవడం చూడకుండానే మూతపడింది. దాని తరువాత పుట్టినవి కొన్ని ఊపిరి తీసుకోకుండానే పోయాయి. చివరికి కొత్త లీగొకటి నిలదొక్కుకుని న్యూయార్క్‌లో తన మొదటి ఆల్‌స్టార్ ఆట పెట్టేనాటికి, లవాన్ మోకాళ్లు వాన రాకను ముందే చెప్పే వయసుకు వచ్చాయి. ఆ సంగతులు అలా ఉంచుదాం.

మొదటి ఏడాది ఆల్‌స్టార్ ఆటకు మనుషుల కంటే కుర్చీలు ఎక్కువ వచ్చాయి. ఈసారి జనం కావాలి. ఆడపిల్లల ఆటకు జనం విరగబడే ఊరు దేశంలో ఏదని చూస్తే వేలు డెస్ మోయిన్స్ మీద పడింది. పడమర జట్టులో ఒకమ్మాయికి కాలు బెణికింది. ఆ జట్టు కోచ్ డోయల్ ప్రివిట్ నుంచి లవాన్‌కు ఫోను వచ్చింది.

"నిన్ను తీసుకుంటున్నామమ్మాయ్" అన్నాడాయన.

లవాన్ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "నన్నా? నా ఆట చూశారా, సార్?"

"దాచడమెందుకు, కోచ్‌లెవరూ నీ పేరు చెప్పలేదు. టికెట్లమ్మే ఆయన చెప్పాడు. నువ్వు ఆడితే మీ కౌంటీ కౌంటీయే బస్సులు కట్టించుకుని వస్తుందట. ఆఖర్లో ఓ రెండు నిమిషాలు దింపుతాను. జనానికి చెయ్యి ఊపు, వచ్చి కూర్చో. సరేనా?"

"సరే సార్. ఆ రెండు నిమిషాల్లో ఆడొచ్చా?"

ఆయన నవ్వాడు. "మీ అయోవా గార్డుల్ని మేమేమంటామో తెలుసా? సగం పిల్లలంటాం. ఏదో సరదాకి. ఏమనుకోకు."

లవాన్ ఫోను పెట్టేసింది. పిలిచింది బుట్టబొమ్మలా నిలబెట్టడానికని అర్థమైంది. కోపం వచ్చింది కానీ, కోపం ఆయన మీద కాదు. ఆయన అన్నది అబద్ధమైతే సరదాగానే ఉండేది. ఆ రెండు నిమిషాల్లో గీత దాటాలి. దాటి, తన చేత్తో తను బుట్టలో వెయ్యాలి. తనను గార్డుగా తప్ప ఇంకోలా చూడని తన వాళ్లందరి ముందూ వెయ్యాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఈ మాట రెనీటాకు చెప్పింది. రెనీటాను కూడా పడమర జట్టుకే తీసుకున్నారు, అది కోచ్‌లు నోరారా చెప్పిన పేరే.

రెనీటా వెక్కిరిస్తుందనుకుంది. ఆమె వెక్కిరించలేదు. "అయితే విను. ఆ రోజు నేను గీత దగ్గర ఉండను. నువ్వు బంతిచ్చినా తీసుకోను. వీపు తిప్పుతాను."

"మరీ అంత పనా?"

"నువ్వు ఇచ్చినంతకాలం నేను తీసుకుంటూనే ఉంటా, తల్లీ. నాకు సిగ్గు లేదు. అందుకే ముందే చెబుతున్నా."

ఆటకు ముందు శనివారం లవాన్ ఇంటికి వెళ్లింది. ట్రాక్టరు ఉంచే రేకుల షెడ్డులో, తన చిన్నప్పుడు నాన్న మేకులు కొట్టి బిగించిన రింగు ఇంకా ఉంది. హెన్నీ పందులకు మేత వేసి, రబ్బరు బూట్లతోనే వచ్చింది. కూతురు విసిరిన బంతిని చూసి ఆమె మొహం పాలు విరిగినట్టయింది.

"అదేం విసరడమే? పెంట ఎత్తి పోస్తున్నావా? మోచెయ్యి లోపలికి పెట్టు. కళ్లు రింగు మీద. బంతి ఎటు పోతుందోనని దాని వెనక చూడకు, అది నీ మొగుడు కాదు."

విసరడం, తిట్టు తినడం, బంతి ఏరుకోవడం. చలికి బంతి రాయిలా ఉంది. మధ్యాహ్నానికి రెండింట్లో ఒకటి పడడం మొదలైంది. అప్పుడు లవాన్ కిందికి చూసింది. షెడ్డు సిమెంటు నేల మధ్యలో అడ్డంగా ఒక పగులు ఉంది. తెలియకుండానే తల్లి దానికి అవతల, తను ఇవతల నిలబడ్డారు. పొద్దున్నుంచీ తను పగులుకు ఇవతలి నుంచే విసురుతోంది.

"అమ్మా, ఇలా కాదు. నేను అటు వస్తాను. నువ్వు నన్ను ఆపు."

"నాకు ఆపడం రాదే! జన్మలో ఎవర్నీ ఆపలేదు."

"నాకు వెయ్యడం రాదు. సరిపోయింది."

హెన్నీ బూట్లు సర్దుకుని, చేతులు చాచి, కోడిపిల్లల్ని తరుముతున్నట్టు నిలబడింది. లవాన్ బంతి కొట్టుకుంటూ వచ్చి పగులు దగ్గర టక్కున ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. తల్లి చాచిన చేతులు దించలేదు. మరోసారి వచ్చి, కళ్లు మూసుకుని దాటి, నేరుగా తల్లిని గుద్దుకుంది. ఇద్దరూ ట్రాక్టరు చక్రం మీద పడ్డారు.

"కళ్లు తెరుచుకుని దాటవే, నీ దుంప తెగ!" అంది హెన్నీ మోకాలు రుద్దుకుంటూ. అప్పుడు గొంతు తగ్గించింది. "నిజంగా చూడాలనుందా అటువైపు?"

"ఊఁ."

"నాకూ ఉండేది, ఇటువైపు. ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని." ఆమె లేచింది. "మళ్లీ రా. ఇంకోసారి."

వెలుతురు పోయేదాకా ఆడారు. లవాన్ దాటగలిగింది. అయితే దాటిన ప్రతిసారీ ఎక్కడో ఈల వినబడినట్టు భుజాలు ఎగిరిపడేవి.

ఆట రోజు వీస్ప్ జనం ఐదు బస్సుల్లో వచ్చారు. ఒడిలో బాదం పూత పెట్టిన రొట్టెల పెట్టెలు, చేతిలో కాఫీ ఫ్లాస్కులు. హాలు నిండిపోయింది. దూలాల మీది పావురాలు చోటు చాలక ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నాలుగు పావుల ఆటలో మొదటి మూడు పావులూ లవాన్ బెంచీ మీదే ఉంది. జనం ఆమె పేరు అరిచినప్పుడల్లా ప్రివిట్ టికెట్లమ్మే ఆయన వైపు చూసి తల ఊపాడు.

చివరి పావులో రెండు నిమిషాలు మిగిలాయనగా ఆమెను దింపాడు. "చెయ్యి ఊపు" అన్నాడు.

లవాన్ చెయ్యి ఊపింది. ఆ ఊపిన చేత్తోనే, దాన్ని కిందికి దించుతూ దించుతూ, తూర్పు జట్టు పిల్ల చేతిలోని బంతి లాక్కుంది.

హాలు ఊగిపోయింది. ఒకటి, రెండు. బంతి రెండుసార్లు నేలను తాకింది. గీత వచ్చింది. అవతల అలవాటైన చోట రెనీటా ఉంది. ఆమె లవాన్ కళ్లలోకి చూసి, అన్న మాట ప్రకారం వీపు తిప్పేసింది. బంతి మూడోసారి నేలను తాకింది. లవాన్ కళ్లు తెరుచుకునే దాటింది. ముందు ఎవరూ లేరు. బుట్ట ఒక్కటే ఉంది.

ఈల!

ఊదినవాడు ఆర్వల్ హ్రుస్కా. పగలు రైతులకు విత్తనాలమ్ముతాడు, శీతాకాలమంతా ఆ చుట్టుపక్కల ఆడపిల్లల ఆటలకు రిఫరీ. లీగుకు ఊళ్లో రిఫరీ కావాలంటే ఆయన్నే పెట్టారు. ముప్పై ఏళ్లుగా గార్డు గీత దాటితే ఊదడం తప్ప ఆ నోటికి ఇంకో పని తెలియదు. బుర్ర ఆపేలోపు ఊపిరి ఊదేసింది. చెయ్యి కూడా దానంతటదే లేచి గీత వైపు చూపించింది.

"అయ్యో!" అంది హాలంతా, ఒక్క గొంతుతో. వేలమంది జనం, ఒక్కరికీ అనుమానం రాలేదు. పిల్ల గీత దాటింది కదా మరి. మూడో వరుసలో హెన్నీ లేచి నిలబడి, "వెనక్కి రావే పిల్లా!" అని అరిచింది. లవాన్ కాళ్లు ఆగిపోయాయి. ఆమె చెయ్యి తప్పు ఒప్పుకుంటూ సగం పైకి లేచింది. బంతిని హ్రుస్కాకు ఇవ్వబోయింది కూడా.

తూర్పు జట్టు పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. "ఏమైంది? ఏం తప్పు చేసింది?" అని ఒకమ్మాయి అడుగుతోంది. చెప్పేవాళ్లు లేరు.

లవాన్ తన కాళ్లను చూసుకుంది. రెండూ గీతకు అవతలే ఉన్నాయి. లేచిన చెయ్యి దించింది. ఇవ్వబోయిన బంతిని వెనక్కి లాక్కుని కడుపుకు హత్తుకుంది.

"హ్రుస్కా గారూ, ఇక్కడ ఐదుగురమే ఆడుతున్నాం."

ఆయన మొహం ముందు ఎర్రగా, తరువాత తెల్లగా, మళ్లీ ఎర్రగా అయింది. "దేవుడా" అన్నాడు. "లవాన్, తల్లీ, నోరు జారిందమ్మా. కానీ ఈల పడింది. పడ్డాక ఆట ఆగినట్టే. బంతి మీకే ఇస్తాను, పక్క నుంచి వేసుకోండి. అంతకు మించి నా చేతిలో లేదు."

ఖాళీ దారి పోయింది. ఈ గొడవలో తూర్పు జట్టు ఐదుగురూ వెనక్కి వెళ్లి బుట్ట కింద కాపు కాశారు. హాలు జనానికి సంగతి ఇప్పుడు ఎక్కింది. వేల మొహాలు ఒకేసారి సిగ్గుతో కిందికి వంగాయి. హెన్నీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూలబడింది.

ప్రివిట్ మైదానం అంచుకు వచ్చి పిలిచాడు. "చాలమ్మా, జనం చూశారు. వచ్చేయ్."

"ఇంకా అయిపోలేదు సార్."

"నిన్ను మారుస్తున్నానంటున్నా!"

"వినబడట్లేదు సార్. హాల్లో గోల."

హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది. రెనీటా కోచ్‌కు అడ్డంగా వెళ్లి, ఊడని బూటు తాడేదో కట్టుకుంటూ వంగింది. ఆమె లేచేసరికి హ్రుస్కా ఇంకో పిల్లకు బంతి ఇచ్చి ఆట మొదలుపెట్టేశాడు.

"ఇవ్వు!" అంది లవాన్. జన్మలో మొదటిసారి బంతి అడిగింది. గార్డులు లాక్కుంటారు, అడగరు.

బంతి వచ్చింది. అది అందుకోవడానికి ఆమె మళ్లీ గీతకు ఇవతలికి వచ్చింది. ముందు మనుషులున్నారు. రెండుసార్లు నేలకు కొట్టాక చేతులు బంతిని పట్టుకోబోయాయి. పట్టుకోనివ్వలేదు. మూడు, నాలుగు, ఆ తరువాత లెక్క మరిచిపోయింది. గీత మీదుగా వెళుతుంటే ఈల నోట్లో పెట్టుకున్న హ్రుస్కా రెండు చేతులతో తన బుగ్గల్ని గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. తూర్పు జట్టు పొడుగుపిల్ల ఎదురొచ్చింది. ఇన్నేళ్లూ ఎదుటివాళ్లను ఆపిన లవాన్‌కు ఆపేవాళ్ల బరువు ఏ కాలి మీద ఉంటుందో తెలుసు. ఆ కాలి పక్క నుంచే వెళ్లింది. మోచెయ్యి లోపలికి పెట్టి విసిరింది.

బంతి రింగు మీద కూర్చుని ఆలోచించింది. ఆ ఆలోచన ఎంతసేపు సాగిందంటే, వీస్ప్ వాళ్లు కాఫీ ఒకసారి పోసుకుని తాగారంటారు. చివరికి బయటి వైపు పడింది.

పడిన బంతి కోసం నాలుగు చేతులు లేచాయి. బంతి లాక్కోవడం లవాన్‌కు కొత్త కాదు, ఎవరి సగంలోనైనా సరే. పొడుగుపిల్ల వేళ్ల మధ్య నుంచి దాన్ని తెంపి, నేల మీద నిలదొక్కుకోకుండానే మళ్లీ పైకి నెట్టింది.

వల కదిలింది. ఉతకాల్సినంత బాగా కదిలింది.

హాల్లో లేచిన కేకకు పావురాలన్నీ బయటికెళ్లిపోయాయి. మూడో వరుసలో హెన్నీ పక్కవాళ్ల రొట్టెల పెట్టె గాల్లోకి విసిరేసింది. లవాన్‌కు ఇదేమీ తెలియదు. బుట్ట కింద నిలబడి, ఇంకా ఊగుతున్న వలను తల ఎత్తి చూస్తోంది. ఇంత దగ్గర్నుంచి దాన్ని ఎప్పుడూ చూడలేదు. దారాలు అనుకున్నంత తెల్లగా లేవు.

"పొలం పిల్లా!" వెనక నుంచి రెనీటా గావుకేక. "ముచ్చట తరువాత! అక్కడ నీ ఇల్లు దోచుకుపోతున్నారు!"

లవాన్ వెనక్కి తిరిగింది. తూర్పు జట్టు బంతి అందుకుని అటువైపు పరిగెత్తుతోంది. బడి రోజుల నుంచీ ఒక్క ఆటలోనూ వదలకుండా ఆమె కాపు కాసిన సగం, మొదటిసారి మనిషి లేకుండా పడి ఉంది. పొడుగుపిల్ల ఒంటరిగా దాంట్లోకి దూసుకుపోతోంది.

"నిలబడ్డావేం? పరిగెత్తవే!" మూడో వరుస నుంచి హెన్నీ గొంతు.

లవాన్ పరిగెత్తింది. గీత కాళ్ల కింద నుంచి వెళ్లిపోయింది. ఆమె చూపు మాత్రం ముందు నేల మీద ఎగురుతున్న బంతి మీదే ఉంది. ఈలోపు దాన్ని ఏ చేత్తో లాక్కోవాలో ఆలోచించుకుంటోంది.